డాక్టరేమో ఏం లేదంటారు, వేలేమో ఉందంటుంది

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ, హైదరాబాద్ అమీర్‌పేటలో గానీ మెడకు అల్ట్రాసౌండ్ తీయించుకున్నవాళ్ళ రిపోర్టులు పది తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. చాలావాటిలో ఇంచుమించు ఒకే వాక్యం ఉంటుంది: ‘ఫ్యూ సబ్‌సెంటీమీటర్ లింఫ్ నోడ్స్ నోటెడ్ ఇన్ బైలేటరల్ సర్వైకల్ రీజియన్, ఫ్యాటీ హైలం ప్రిజర్వ్‌డ్, లైక్లీ రియాక్టివ్’. ఆ కింద చిన్న ముక్క: ‘క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్’.

రేడియాలజిస్టు లెక్కలో ఇది శుభవార్తే. సెంటీమీటరు కూడా లేని లింఫు గ్రంథులు కనిపించాయి, వాటి లోపలి అమరిక చెక్కుచెదరలేదు, ఏ జలుబుకో పంటి నొప్పికో కాస్త ఉబ్బినట్టున్నాయి, మిగతాది మీ డాక్టరు మిమ్మల్ని చూసి చెబుతారు. అంతే దాని భావం. కానీ రిపోర్టు ముందుగా చేరేది డాక్టరుకు కాదు కదా. సాయంత్రం ఏడింటికి పీడీఎఫ్ అయి పేషెంటు వాట్సాప్‌లోకి వస్తుంది. డాక్టరు అపాయింట్‌మెంటు మర్నాడు పదకొండింటికి. మధ్యలో ఉన్న రాత్రంతా గూగుల్‌ది. నోడ్స్ అని కొడితే నాలుగు లైన్లు దాటకుండా లింఫోమా అనే క్యాన్సర్ వచ్చేస్తుంది. ఇక్కడ మెడ అని అర్థమిచ్చే సర్వైకల్ అనే మాట చూసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అనుకుని హడలిపోయిన ఆడవాళ్ళూ ఉన్నారు. ‘సజెస్టెడ్’ అన్నారంటే డాక్టర్లు ఏదో దాస్తున్నారనిపిస్తుంది.

మర్నాడు డాక్టరు గారు రిపోర్టు మీద ఓ చూపు విసిరి, దవడ కింద రెండు వేళ్ళు వేసి, ‘ఏం లేదమ్మా, వెళ్ళిరండి’ అంటారు. ప్రాణం లేచొస్తుంది. వచ్చే దారిలో కడుపునిండా భోంచేసి మరీ ఇంటికి చేరతారు. రెండు రోజులు నిద్ర పడుతుంది. మూడో రోజు స్నానం చేస్తుంటే చెయ్యి తనంతట తాను మెడ మీదికి పోతుంది. శనగగింజంత బిళ్ళ, అక్కడే ఉంది. ఏం లేదన్నారు కదా, మరి ఇదేంటి?

అసలు జబ్బు మొదలయ్యేది ఆ మూడో రోజున. అది మెడలో ఉండదు. స్కానింగ్‌లో కనపడదు. అయినా మనిషిని నెలల తరబడి పీల్చి పిప్పి చేస్తుంది.

బిళ్ళ కట్టడం కొత్తేం కాదు

చెప్పుల్లేకుండా తిరిగిన తరానికి ఇది తెలిసిన సంగతే. కాల్లో ముల్లు విరిగి చీము పట్టిందంటే రెండో రోజుకు గజ్జల్లో బిళ్ళ కట్టేది. ‘పుండు మానితే అదే పోతుందిరా, ఊరికే పిసక్కు’ అని ఇంట్లో పెద్దవాళ్ళు కసిరేవారు. వైద్య పుస్తకాలు ఇప్పటికీ అంతకు మించి చెప్పేది తక్కువే.

ఒంట్లో లింఫు గ్రంథులు దాదాపు 600 ఉంటాయి. కణజాలాల్లోంచి ఊరి వచ్చే లింఫు ద్రవం రక్తంలో తిరిగి కలిసే ముందు వీటి గుండా వడకట్టుకుని పోవాలి. ఆ ద్రవంతోపాటు సూక్ష్మజీవి వచ్చిందంటే, గ్రంథిలో కాచుకుని ఉన్న తెల్ల రక్తకణాలు దాన్ని గుర్తుపట్టి, తమ సంతతిని వేలల్లో పెంచుకుంటాయి. గ్రంథి ఉబ్బేది అందుకే. ఉబ్బిందంటే పనిచేస్తోందన్నమాట. నోరు, ముక్కు, గొంతు, పళ్ళు, మాడు, చెవులు అన్నిటి కాపలా మెడదే కాబట్టి మెడలో వీటి గుంపు ఎక్కువ.

ఏ బిళ్ళ ఎక్కడ కట్టిందో చూసి డాక్టరు దాని మూలం వెతుకుతారు. తలలో పేలు పడి గోకి గోకి పుళ్ళు చేసుకున్న పిల్లలకు మెడ వెనక, చెవుల వెనక. పన్ను పుచ్చినా, చిగురు వాచినా దవడ కింద. టాన్సిల్స్ వస్తే దవడ మలుపు దగ్గర. చెప్పు కరిచినా, పాదాల పగుళ్ళలో చీము పట్టినా గజ్జల్లో. ఎడమ భుజానికి బీసీజీ టీకా వేసిన పసిబిడ్డకు కొన్ని వారాల తర్వాత ఎడమ చంకలో చిన్న బిళ్ళ కనపడి తల్లి బెంబేలెత్తిపోవడం పిల్లల డాక్టర్లకు అలవాటైన దృశ్యం. 2021లో కొవిడ్ టీకా వేసుకున్న చేతి వైపు చంకలో గ్రంథులు ఎంతమందికి ఉబ్బాయంటే, మామూలుగా చేయించుకునే మామోగ్రామ్‌ను టీకా తర్వాత కొన్ని వారాలు ఆగి తీయించుకోమని విదేశాల్లో రేడియాలజీ సంఘాలు చెప్పాల్సి వచ్చింది. లేకపోతే ఆ ఉబ్బు చూసి రొమ్ము క్యాన్సర్ అనుమానం వస్తుంది మరి.

ఇక్కడ రెండు విషయాలు పేషెంటుకు ఎవరూ విడమరిచి చెప్పరు. మొదటిది, ఉబ్బిన బిళ్ళ జ్వరం తగ్గినంత తొందరగా తగ్గదు. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. కొన్నయితే లోపల మచ్చకట్టి గట్టిపడి, చిన్న గింజలా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. ఆరోగ్యంగా ఆడుకునే పిల్లల్లో చాలామందికి మెడలో చేతికి తగిలే బిళ్ళలుంటాయి. సన్నగా ఉండేవాళ్ళకు మరీను. సెంటీమీటరు లోపు మెడ బిళ్ళను, ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు గజ్జబిళ్ళను డాక్టర్లు సాధారణంగా పట్టించుకోరు. రెండోది, చేతికి తగిలే ప్రతిదీ లింఫు గ్రంథి కానేకాదు. గొంతు పైభాగాన రెండు పక్కలా హయాయిడ్ అనే చిన్న ఎముక కొమ్ములుంటాయి. దవడ కింద లాలాజల గ్రంథి మెత్తగా వేలాడుతుంటుంది. మెడలో పెద్ద రక్తనాళం రెండుగా చీలే చోట కాస్త ఉబ్బి, కొట్టుకుంటూ ఉంటుంది. ఇవి పుట్టినప్పటినుంచీ ఉన్నవే. అద్దం ముందు నిలబడి పావుగంట తడిమితే ఏ మెడలోనైనా ఏదో ఒకటి దొరక్క మానదు.

ఇది చదువుతూ చదువుతూ మీ చెయ్యి మెడ మీదికి పోయి ఉంటే, దయచేసి దించేయండి.

రావాల్సినవాళ్ళు రారు

1988లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనాన్ని ఈ విషయంలో ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు. కారణం తెలియని బిళ్ళలతో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి వచ్చిన 2,556 మందిని గమనించారు. వాళ్ళలో స్పెషలిస్టు దగ్గరికి పంపాల్సి వచ్చింది 256 మందిని. బయాప్సీ దాకా వెళ్ళింది 82 మంది. క్యాన్సర్ తేలింది 29 మందికి. నూటికి ఒకరు. ఆ ఒకరు కూడా వయసును బట్టి మారతారు. 40 దాటినవాళ్ళలో నూటికి నలుగురైతే, అంతకంటే చిన్నవాళ్ళలో వెయ్యికి నలుగురు.

లెక్క ఇంత తేటగా ఉన్నా భయపడే మనసు దాన్ని చదివే తీరు వేరు. ఆ 29 మందిలో నేనుంటే? ఈ ప్రశ్నకు మళ్ళీ వద్దాం. ముందు ఆ 29 మంది సంగతి చూడాలి, ఎందుకంటే భయాన్ని తగ్గించే తొందరలో నిజంగా చూపించుకోవాల్సినవాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

రాయిలా గట్టిగా ఉండి, వేలితో కదిపితే కదలని బిళ్ళ. రెండు సెంటీమీటర్లు దాటి, నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గకపోగా పెరుగుతున్నది. కాలర్ ఎముక పైన, అంటే భుజానికీ మెడకూ మధ్య పల్లంలో చేతికి తగిలేది ఎంత చిన్నదైనా సరే. ఆ పల్లంలో ఎడమ వైపు బిళ్ళకు రుడాల్ఫ్ విర్కోవ్ పేరే పెట్టారు, కణం నుంచే కణం పుడుతుందని మన బడి పుస్తకాల్లో చదివిన ఆ జర్మన్ వైద్యుడి పేరు. పొట్టలో పుట్టిన క్యాన్సర్ కొన్నిసార్లు మొదట బయటపడేది అక్కడే. వీటికి తోడు కారణం లేకుండా జ్వరాలు, ఆరు నెలల్లో పదో వంతు బరువు పోవడం, పక్కబట్టలు పిండేటంత చెమట ఉంటే ఆలస్యం చేయకూడదు. (మే నెలలో కరెంటు పోయిన రాత్రి విజయవాడలో పట్టే చెమట ఈ లెక్కలోకి రాదు. గూగుల్ ఆ తేడా చెప్పదు.) చుట్ట, బీడీ, గుట్కా అలవాటున్న మనిషి మెడలో గట్టి బిళ్ళ వచ్చిందంటే నోరు, గొంతు లోపల చూడందే వదలకూడదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే అలవాటున్న ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్ గురించి వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు.

పైగా మన దగ్గర నెదర్లాండ్స్ లెక్కకు టీబీని కలపాలి. పాత వైద్యంలో గండమాల అన్నది చాలావరకు ఇదే. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది లింఫు గ్రంథుల్లోదే. బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని, ఒక్కోసారి పగిలి చీము కారతాయి. సన్నటి సూదితో కాస్త తీసి పరీక్షిస్తే తేలుతుంది. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం, మామూలుగా ఆరు నెలలు. పోషకాహారానికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. ఈ చికిత్సలోనూ ఓ చిక్కుంది. మందులు సరిగ్గా పనిచేస్తున్నప్పుడే కొంతమందికి బిళ్ళ పెద్దదవుతుంది, కోర్సు ముగిసినా చిన్న బిళ్ళ మిగిలిపోవచ్చు. ఆ ముక్క ముందే చెప్పి పంపకపోతే పేషెంటు మందులు మానేసి మరో ఊరికి, మరో డాక్టరు దగ్గరికి వెళ్ళిపోతాడు.

గండమాలకు ఇంగ్లండ్‌లో వింత వైద్యముండేది. రాజు చేత్తో తాకితే పోతుందని నమ్మేవారు. తర్వాత నిఘంటువు రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ జాన్సన్‌ను పసితనంలో, 1712లో, తల్లి లండన్ తీసుకెళ్ళి రాణి ఆన్ చేత తాకించింది. రాణి ఇచ్చిన బంగారు బిళ్ళను అతను జీవితాంతం మెళ్ళో వేసుకున్నాడు. మెడ మీద మచ్చలు మాత్రం పోలేదు. పెద్ద చెయ్యి తాకితే చాలు అనే ఆశ అప్పటిది ఇప్పటికీ ఉంది. ఇప్పుడా చేతిలో స్కానింగ్ ప్రోబ్ ఉంటుంది.

రావాల్సినా రానివాళ్ళను, అవసరం లేకున్నా తిరిగేవాళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే కోపం వస్తుంది. నిమ్మకాయంత గడ్డతో తిరుగుతూ, పసరు కట్టించుకుని, ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ రెండు కోర్సులు మింగి, నొప్పి లేదు కదా అని ఆర్నెల్లు గడిపేసే రైతు ఉంటాడు. కందిగింజంత బిళ్ళ పట్టుకుని నెల తిరక్కుండా ముగ్గురు డాక్టర్లను, రెండు స్కానింగ్ సెంటర్లను చుట్టేసిన పాతికేళ్ళ ఉద్యోగీ ఉంటాడు. ఒకే ఆస్పత్రి వరండాలో ఒకే బెంచీ మీద వీళ్ళిద్దరూ కూర్చునే రోజులుంటాయి. డాక్టరు దగ్గర ఇద్దరికీ దక్కేది మూడు నిమిషాలే.

తడిమిన కొద్దీ

నొప్పి ఎలా పుడుతుందో చూడండి. రోజుకు ఇరవై సార్లు ఒకే చోట నొక్కితే అక్కడ కందుతుంది. కందితే నొప్పి పెడుతుంది. నొప్పి పెడితే ఏదో ఉందన్నమాట, కాబట్టి ఇంకాస్త నొక్కాలి. నిద్ర లేక ఆకలి చస్తుంది, నెలలో రెండు మూడు కిలోలు తగ్గుతారు. బరువు తగ్గడం లింఫోమా లక్షణాల జాబితాలో ఉంది. భయం తన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంటుంది.

బ్రిటన్‌కు చెందిన హిలరీ వార్విక్, పాల్ సాల్కోవ్‌స్కిస్ 1980లలో పట్టుకున్నది సరిగ్గా ఈ సుడినే. జబ్బు భయం ఉన్నవాళ్ళు ఒళ్ళు తడుముకోవడం, పుస్తకాలు తిరగేయడం, డాక్టరు చేతా ఇంట్లోవాళ్ళ చేతా ‘ఏం కాదు’ అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకోవడం భయం తగ్గించుకోవడానికేనని, ఆ పనులే భయాన్ని బతికిస్తున్నాయని వాళ్ళు వాదించారు. తామరను గోకినట్టు. గోకినంతసేపు హాయి, తర్వాత రెట్టింపు దురద.

మరి పరీక్ష చేసి చూపిస్తే? 2013లో అలెగ్జాండ్రా రోల్ఫ్, క్రిస్టఫర్ బర్టన్ ఈ ప్రశ్న మీద అప్పటిదాకా జరిగిన 14 ప్రయోగాలను, 3,828 మంది పేషెంట్లను కలిపి చూశారు. పెద్ద జబ్బు ఉండే అవకాశం తక్కువగా ఉన్నవాళ్ళకు చేసిన పరీక్షలు నార్మల్ అని వచ్చినా, వాళ్ళ దిగులు గానీ ఆరాటం గానీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ మాట మన డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డుల మీద రాయరు. ‘ఫుల్ బాడీ చెకప్, ఆఫర్ ఈ నెలాఖరు వరకే’ అని రాస్తారు.

పరీక్షల్లో ఇంకో తంటా ఉంది. వెతికే కొద్దీ ఏదో ఒకటి కనపడుతుంది. మెడకని వెళితే థైరాయిడ్‌లో చిన్న నాడ్యూల్, పొట్టకని వెళితే లివర్‌లో కొవ్వు, ‘ఫ్యూ మెసెంటెరిక్ నోడ్స్’. వీటిలో చాలావాటితో మనిషి ఎనభై ఏళ్ళు హాయిగా బతికేస్తాడు. కానీ భయపడే మనిషికి ఒక్కో రిపోర్టు ఒక్కో కొత్త ఫైలు.

గూగుల్ మీద ఉన్న నింద కాస్త తగ్గించాలి. ఇంటర్నెట్ పుట్టకముందే, 1889లో, జెరోమ్ కె. జెరోమ్ తన హాస్య నవల మొదట్లో ఈ మనిషి బొమ్మ గీసేశాడు. బ్రిటిష్ మ్యూజియంలో వైద్య గ్రంథం తెరిచి చదువుకుంటూ పోయిన కథానాయకుడికి అందులో ఉన్న జబ్బులన్నీ తనకున్నాయని తేలుతుంది, పనిమనుషులకు వచ్చే మోకాలి వాపు తప్ప. మన మెడికల్ కాలేజీల్లో రెండో ఏడాది పాథాలజీ చదివే పిల్లలకూ కొన్నాళ్ళు ఇదే పరిస్థితి. ఫోను తెచ్చిన మార్పల్లా, ఆ గ్రంథం ఇప్పుడు దిండు కింద ఉంది. రాత్రి రెండింటికి కూడా విసుక్కోకుండా జవాబిస్తుంది. ఈ మధ్య ఏఐ చాట్‌బాట్లు వచ్చాక ఓదార్పు కూడా అడిగినన్నిసార్లు అందుతోంది, అదింకా ప్రమాదం.

మన భయానికి మన సొంత ముడిసరుకూ ఉంది. ప్రేమాభిషేకం (1981), గీతాంజలి (1989), మాతృదేవోభవ (1993) చూస్తూ పెరిగిన ఇళ్ళివి. క్యాన్సర్ అంటే రోజులు లెక్కపెట్టుకోవడమేనని, కన్నీళ్ళు పెట్టించి మరీ మనకు నేర్పిన సినిమాలవి. ఈ బిళ్ళల భయంలో ఎక్కువమంది తలుచుకునే హాడ్జ్‌కిన్ లింఫోమా ఇవాళ చాలామందిలో పూర్తిగా నయమవుతున్న క్యాన్సర్. ఆ సంగతి ఏ సినిమా చెప్పలేదు. దాని మీద 2021 కొవిడ్ వేసవి. పల్స్ ఆక్సీమీటర్ వేలికి తగిలించుకుని గంటగంటకూ అంకె చూసుకున్న అలవాటు, నిన్నటిదాకా బాగున్న మనిషి మూడు రోజుల్లో వెళ్ళిపోవడం కళ్ళారా చూసిన జ్ఞాపకం. ఇంట్లో ఎవరో క్యాన్సర్‌తో పోయిన ఏడాదిలోనో, బిడ్డ పుట్టిన కొత్తలోనో (‘నాకేమన్నా అయితే వీడి గతేంటి’) ఈ భయం అంటుకోవడం ఎక్కువ. ఇలాంటివాళ్ళను ‘పనిలేక’ అనడం అన్యాయం.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒంటరిగా ఉన్న తెలుగు విద్యార్థికి ఇది ఇంకో రకంగా వస్తుంది. అక్కడ స్పెషలిస్టును కలవాలంటే వారాలు ఆగాలి, బిల్లెంతవుతుందో ముందు తెలియదు. మెడ ఫొటో తీసి అమ్మకు పంపుతాడు. అమ్మ దాన్ని తెలిసిన డాక్టరు గారి భార్యకు పంపుతుంది. ఫొటోలో ఎవరికీ ఏమీ కనపడదు. ఇక సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పెళ్ళిచూపులకంటే ముందు మాస్టర్ హెల్త్ చెకప్.

ఆ మూడు నిమిషాల్లో

‘ఆ 29 మందిలో నేనుంటే?’ అన్న ప్రశ్న దగ్గరికి ఇప్పుడు వద్దాం. దీనికి నిజాయతీ గల డాక్టరు ఎవరూ ‘నూటికి నూరు శాతం ఉండవు’ అని రాసివ్వలేరు. పేషెంటు అడిగేది అదే. డాక్టరు ‘అవకాశం చాలా తక్కువ’ అంటే, ఇతనికి ‘అవకాశం ఉంది’ అని వినపడుతుంది. ఇంకో డాక్టరు, ఇంకో స్కానింగ్, చివరికి ‘బయాప్సీ చేసేయండి సార్, తేలిపోతుంది’ అని బతిమాలడం. బయాప్సీ నార్మల్ వస్తే? ‘సరైన బిళ్ళలోంచి తీశారో లేదో.’ ఇక్కడ కావలసిన వైద్యం హామీ లేకుండా బతకడం నేర్చుకోవడం. మనం రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకుని బండెక్కుతున్నామంటే ఆ హామీ లేకుండానే కదా.

డాక్టర్ల వైపు తప్పు లేదనలేను. చేతికి తగులుతున్న దాన్ని పట్టుకుని ‘ఏం లేదు’ అంటే ఆ మనిషి తన వేలిని నమ్మాలా, డాక్టరును నమ్మాలా? ‘ఉంది. నాకూ తగిలింది. ఇది లింఫు గ్రంథి, మెత్తగా కదులుతోంది, సైజు ఎనిమిది మిల్లీమీటర్లు. పోయిన నెల మీ గొంతు నొప్పికి ఉబ్బి ఉంటుంది. ఇలాగే ఎప్పటికీ ఉండిపోయినా ఉండొచ్చు. రెండు సెంటీమీటర్లు దాటితేనో, ఇంకోచోట కొత్తగా గట్టిది వస్తేనో రండి. లేదంటే ఆరు వారాల తర్వాత నేనే చూస్తాను. ఈలోగా దీన్ని ముట్టుకోకండి.’ ఇదంతా చెప్పడానికి నిమిషం చాలు. మొదటి మాటలో ఉన్నది ఓదార్పు, రెండోదానిలో ఉన్నది వివరణ. మూడో రోజున మెడ మీదికి చెయ్యి పోయినప్పుడు పనికొచ్చేది రెండోదే. ‘ఉండిపోయినా ఉండొచ్చు’ అన్న ముక్క మరీ ముఖ్యం, ఎందుకంటే బిళ్ళ పోలేదన్న ఒక్క కారణంతోనే సగం పరుగులు మొదలవుతాయి. చూడటానికి డాక్టరు ఒక్కరే ఉండటం, తేదీ ముందే అనుకోవడం కూడా వైద్యంలో భాగమే. ఆస్పత్రి మార్చిన ప్రతిసారీ కొత్త డాక్టరు మళ్ళీ మొదటినుంచి పరీక్షలు రాయక తప్పదు. ఆయన జాగ్రత్త ఆయనది.

అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో తన వర్గీకరణను తిరగరాసినప్పుడు, తిట్టులా మారిపోయిన హైపోకాండ్రియాసిస్ అనే పాత పేరును తీసేసింది. లక్షణాలు పెద్దగా లేకుండా జబ్బు భయమే ప్రధానంగా ఉంటే ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్ అంటున్నారు. దీన్ని ఉత్తుత్తి జబ్బనుకునేవాళ్ళు స్వీడన్ లెక్కలు చూడాలి. ఈ నిర్ధారణ అయిన 4,129 మందిని రికార్డుల్లో వెనక్కి వెళ్ళి పరిశీలించి, 2023లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు సగటున మిగతావాళ్ళకంటే అయిదేళ్ళు ముందుగా పోయారు. ఆత్మహత్యల ముప్పు దాదాపు నాలుగు రెట్లు. ఆస్పత్రిలో నిర్ధారణ రాయించుకునేదాకా వెళ్ళినవాళ్ళ లెక్క ఇది, మెడ తడుముకునే ప్రతివారిదీ కాదు. అయినా ‘నీకేం రోగం లేదు పో’ అని నవ్వి పంపేయదగ్గ విషయం కాదని మాత్రం తెలుస్తోంది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

సైకియాట్రిస్టు అనగానే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరెత్తి నవ్వుతారు, విశాఖలో అయితే చినవాల్తేరు. ‘నాకు గొంతులో బిళ్ళ ఉంటే పిచ్చి డాక్టరు దగ్గరికి పంపుతారేంటి?’ అని పేషెంటు మనసు కష్టపెట్టుకోవడంలో న్యాయముంది. బిళ్ళ నిజం, భయమూ నిజం. రెండోదానికి వేరే డాక్టరున్నారని చెప్పడం తెలియాలి.

దీనికి బాగా పనిచేస్తుందని తేలిన చికిత్స సీబీటీ, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. పీటర్ టైరర్ బృందం బ్రిటన్‌లోని మామూలు ఆస్పత్రుల్లో, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశ విభాగాలకు వచ్చే పేషెంట్లలో జబ్బు భయం ఎక్కువున్న 444 మందితో ప్రయోగం చేసి 2014లో ప్రచురించింది. మామూలు వైద్యం అందినవాళ్ళతో పోలిస్తే అయిదు నుంచి పది సిట్టింగులు తీసుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత దాదాపు రెట్టింపు మంది మామూలు స్థాయికి వచ్చారు, ఆ మేలు తర్వాతి ఏళ్ళలోనూ నిలిచింది. థెరపీ చేసినవాళ్ళలో నర్సులు బాగా రాణించారన్నది నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. జిల్లా ఆస్పత్రుల్లో సైకాలజిస్టులు దొరకని మన రాష్ట్రాలకు ఇది పనికొచ్చే కబురు.

థెరపీలో ఏం చేస్తారు? రోజుకెన్నిసార్లు మెడ ముట్టుకుంటున్నారో చీటీ మీద గీతలు పెట్టమంటారు. చాలామంది ఆ లెక్క చూసి తామే నమ్మలేరు. ముట్టుకోవాలనిపించినప్పుడు పావుగంట ఆగమంటారు, తర్వాత గంట. ఆరాటం కొండలా లేచి, ఏమీ చేయకపోయినా దానంతటది దిగుతుందని ఒంటికి అనుభవంలోకి రావాలి. తర్వాత రెండు సిద్ధాంతాలు ఎదురుగా పెడతారు. ‘నాకు క్యాన్సర్ ఉంది’ అనేది మొదటిది. ‘క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం నా సమస్య’ అనేది రెండోది. మొదటిదాన్ని నమ్మి ఇన్నాళ్ళూ ఏమేం చేశారు, ఎంత ఖర్చయింది, ఏం తేలింది? రెండోదే నిజమైతే ఈ వారం ఏం చేసి చూడొచ్చు? వాదించి ఓడించడం ఉండదు. భయం మరీ ముదిరితే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు రాస్తారు. అవి ప్రభావం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే ‘పనిచేయలేదండీ’ అని ఆపేయడం మన దగ్గర మామూలు.

మొదటి అడుగుకు ఫోను చాలనుకుంటే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి-మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చుండదు.

ఇక ఇంట్లోవాళ్ళు. రాత్రి పదకొండింటికి లైటు వేసి, ‘ఒకసారి చూడవే, నిన్నటికంటే పెద్దదైందా?’ అని అడిగే మొగుణ్ణి ఏం చేయాలి? పాపం, భార్య రోజూ చూస్తుంది. ‘అలాగే ఉందండీ, పడుకోండి’ అంటుంది. అతను పడుకుంటాడు, మర్నాడు మళ్ళీ అడుగుతాడు. థెరపిస్టులు ఆ ఇల్లాలికీ పని చెబుతారు. చూడటం మానేయాలి, కసరకుండా. ముందుగా ఇద్దరూ కూర్చుని మాట అనుకోవాలి. ఆ తర్వాత అతను అడిగినప్పుడల్లా, ‘డాక్టరు గారు చెప్పిన ఇరవయ్యో తారీఖు దాకా దీని గురించి అడగొద్దని అనుకున్నాం కదండీ. భయమేస్తోందా? కూర్చోండి, కాసేపు మాట్లాడుకుందాం’ అనాలి. బిళ్ళ గురించి కాదు, పిల్లాడి ఫీజు గురించి, ఊళ్ళో ఇంటి పైకప్పు గురించి, దేని గురించైనా. మొదటి వారం అతనికి కోపం వస్తుంది. ‘నీకు నా మీద ప్రేమే లేదు’ అన్నా అంటాడు. ఆ వారంలో ఆమె జాలిపడి ఒక్కసారి చూసిందంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుందని థెరపిస్టులు ముందే హెచ్చరించి పంపుతారు.